జర్మన్ షెపర్డ్ పిల్ల: చౌక బేరమా, తల్లి ఉన్న ఇల్లా?

నెల్లూరులో అట్టపెట్టెలో తెచ్చి అమ్మే కుక్కపిల్ల చౌకగా, అప్పటికప్పుడే దొరుకుతుంది. తల్లిని మాత్రం చూపించరు. 8 వారాలు నిండని పిల్లల్ని అమ్మకూడదని 2017 కేంద్ర నిబంధనలున్నా వయసు అడిగితే మాట దాటేస్తారు.

బాధ్యతగా పెంచి అమ్మేవాళ్ల దగ్గర ధర ఎక్కువ, నెలల తరబడి ఆగాలి. కానీ తల్లి మన కళ్ల ముందే లేచి నడుస్తుంది. లేవడానికి ఇబ్బంది పడుతోందా, వెనక కాళ్లు ఈడుస్తోందా చూడొచ్చు. ఈ జాతిలో తుంటి కీలు జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది, అందుకే తల్లిదండ్రులిద్దరి ఎక్స్‌రేలూ అడగాలి. కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) సర్టిఫికెట్ వంశం చెబుతుంది, ఆరోగ్యం కాదు.

నేనైతే ఆగుతాను. మే నెల వడగాడ్పుల్లో కుక్కని ఎక్కడ ఉంచుతారని మననే నిలదీసేవాళ్లు, పెంచలేకపోతే మాకే తిరిగివ్వండి అనేవాళ్లు దొరికితే ఆ డబ్బు సంతోషంగా ఇస్తాను.