బండి కింద వంగి చూడకుండా డబ్బులిచ్చాను, మీరు ఇవ్వకండి

నాకు పాత పికప్ అంటగట్టిన ఆ మహానుభావుడు నిన్న రాత్రి అమ్మకానికి ఇంకో బండి వీడియో పెట్టాడు. అందుకే కోపం చల్లారకముందే రాస్తున్నా. పేరు చెప్పను. "డీజే బాడీతో రెడీ, తాళం తిప్పితే ప్రోగ్రామే" అంటూ వీడియోలు వదిలేది ఎవరో సౌండ్ లైన్‌లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

నాది తెనాలి. ఇన్నాళ్లూ కిరాయికి టాటా ఏస్ మాట్లాడుకుని సౌండ్ సామాను తిప్పాను. రెండు బేస్‌లు (దడదడలాడించే పెద్ద స్పీకర్ డబ్బాలు), రెండు టాప్‌లు (పాట, మాట వినిపించే పై డబ్బాలు) ఉన్నప్పుడు ముప్పావు టన్ను బండి సరిపోయింది. ఒక్కో డబ్బాలో రెండేసి 18 అంగుళాల స్పీకర్లుండే డబుల్ 18 బేస్‌లు నాలుగయ్యాక, జనరేటర్ కూడా కొన్నాక, ప్రతి ప్రోగ్రాంకీ రెండు కిరాయిలు. సొంతంగా పికప్ ఉంటే బాగుండు అనుకుంటుండగా ఇతని పాత వీడియో ఒకటి కంట పడింది. 3 లక్షల 45 వేలకు బేరం కుదిరింది.

నేను ఏం చూసి కొన్నానో చెప్తా, నవ్వుకోండి. బాడీ వెనక్కి అడుగున్నర పొడిగించి ఉంది. ఇనుప యాంగిల్ ఫ్రేమ్, కింద చెకర్ ప్లేటు, జనరేటర్‌కి వేరే గూడు, చుట్టూ నీలం లైట్లు. అతను లైట్లు వేసి పాట పెట్టాడు. నేను పడిపోయా. చాసీ, అంటే బండిని మోసే కింది ఇనుప చట్రం, నల్లరంగుతో నిగనిగలాడుతుంటే "ఎంత బాగా చూసుకున్నాడో" అని మెచ్చుకున్నాను కూడా.

పాత స్పీకర్ కొనేటప్పుడు నేను ఎలా ఉంటానో మా కుర్రాళ్లని అడగండి. కోన్ మీద రెండు చేతుల వేళ్లూ సమంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కుతా, కాయిల్ గీసుకుంటుంటే తెలిసిపోతుంది. మాడిన కాయిల్ వాసన డబ్బా విప్పకముందే పడతా. ఎనిమిది వేల స్పీకర్‌కి అంత పరీక్ష పెట్టేవాణ్ణి, మూడున్నర లక్షల బండి కింద ఒక్కసారి వంగలేదు. వంగితే ప్యాంటు మాసిపోతుందనేమో!

కాగితాలు మాత్రం క్లీన్. ఫైనాన్స్ తీరిపోయింది, అప్పు లేదన్న ఎన్‌ఓసీ ఉంది, బండి పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు టకటకా పెట్టాడు. "మనం మనం సౌండోళ్లం తమ్ముడూ, నీ దగ్గర దాస్తానా" అన్నాడు. వాళ్లింట్లో చేపల పులుసుతో భోజనం. వద్దంటున్నా రెండోసారి వడ్డించారు. ఆ పులుసు ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతోంది.

మూడో ప్రోగ్రాం. రేపల్లె వైపు పెళ్లి ఊరేగింపు. భట్టిప్రోలు దాటాక ఒక గుంత. పెద్దది కూడా కాదు. ఫట్‌మని చప్పుడు, ఆ వెంటనే బండి వెనక భాగం కుక్క కూర్చున్నట్టు కూర్చుండిపోయింది. దిగి ఫోన్ లైటు వేసి చూస్తే, వెనక కమాన్ కట్ట (ఇరుసు మీద కుదుపు ఆపే స్ప్రింగు పట్టీలు) బిగించే చోట రంగు పెచ్చులూడి ఉంది. ఆ రంగు కింద పాత వెల్డింగ్. దాని మీద ఇనప పట్టీ. పట్టీ పక్కన నా చూపుడు వేలు దూరేంత చీలిక. ఒకసారి ఎప్పుడో విరిగిన చాసీని అతికించి, రంగు కొట్టి, దాని మీద నీలం లైట్లు పెట్టి నాకు అమ్మాడన్నమాట.

టైం ఏడున్నర. పది దాటితే సౌండ్ ఆపాల్సిందే, పెళ్లివాళ్లకు కంగారు. ఒక పక్క వాళ్ల ఫోన్లు వస్తుంటే బండి అమ్మినవాడికి చేశా. "చెప్పు తమ్ముడూ" అని ఎత్తాడు. వెనక ఎవరో మైకులో "చెక్, చెక్" అంటున్నారు, అంటే ఆయన ప్రోగ్రాం హాయిగా నడుస్తోంది. "అన్నా, చాసీ విరిగింది. కింద పాత వెల్డింగ్ ఉంది" అన్నాను.

రెండు సెకన్లు మాట లేదు. తర్వాత "చూడండీ" అన్నాడు.

గమనించారా? అప్పటిదాకా నువ్వు, తమ్ముడూ. విరిగిందనగానే మీరు, అండీ. నా జీవితంలో మర్యాద ఇంత చేదుగా ఎప్పుడూ లేదు. "చూడండీ, నేను బండి అమ్మాను. మీ డబ్బాలు మోస్తుందని రాసిచ్చానా? మీరు చూసుకునే కొన్నారు కదా" అని కట్ చేశాడు. మళ్లీ చేస్తే బ్లాక్. మా కుర్రాడి నంబర్ నుంచి చేస్తే అదీ బ్లాక్.

నిద్ర పట్టనివ్వనిది ఆ ఆఖరి మాటే. నిజమే, చూసుకునే కొన్నాను. పైన.

పెళ్లివాళ్ల అడ్వాన్స్ 12 వేలు తిరిగిచ్చా, తిట్లు ఉచితం. సామాను ఇంటికి చేర్చడానికి రాత్రిపూట బండికి 3,500. విజయవాడ ఆటోనగర్‌లో 48 వేలు అవుతుందన్నారు. అక్కడి మేస్త్రీ ఒక్క మాటలో తేల్చేశాడు: బాడీ వెనక్కి లాగి, ఆ చివర జనరేటర్ పెట్టిన రోజే చాసీ పని అయిపోయింది, బరువంతా ఇరుసు వెనక ఊగుతుంటే ఎంత వెల్డింగ్ చేసినా నిలవదు.

బండిని అతికించి బయటికి తెచ్చాక ఖాళీగా రైస్ మిల్లు కాటా మీదకి ఎక్కించా. ఆర్‌సీలో ఉన్న ఖాళీ బరువు కంటే 240 కిలోలు ఎక్కువ! ఆ ఇనుమంతా మోసే లోడులోంచే పోతుందని అప్పటిదాకా నా బుర్రకి తట్టలేదు. లెక్కేసుకుంటే బేస్‌లు 360, టాప్‌లు 180, ఆంప్లిఫయర్ ర్యాకులు 160, జనరేటర్ 380, ట్రస్ (లైట్లు వేలాడదీసే ఫ్రేమ్), లైట్లు, కేబుళ్లు 200. మొత్తం 1,280. ఆర్‌సీ ప్రకారం మోయాల్సింది 1,250, అందులో ఈ 240 తీసేయండి. మా కుర్రాళ్లు వెనక ఎక్కడం వేరే, ఎక్కకూడదని తెలిసీ ఎక్కించా. పైగా ఆర్టీఏ అనుమతి లేకుండా బాడీ మార్చడమే సెక్షన్ 52 ప్రకారం తప్పు. ఓవర్‌లోడ్‌కి చట్టంలో 20 వేలు జరిమానా రాసుంది, ఆపైన ప్రతి అదనపు టన్నుకూ 2 వేలు. చెక్‌పోస్టులో దొరక్కపోవడం ఒక్కటే ఈ మొత్తంలో నా అదృష్టం.

సరే, కొనేవాళ్లకి. కొత్తగా నల్లరంగు కొట్టిన చాసీ అయితే ముందు అనుమానించండి, వెనక కమాన్ కట్టల దగ్గర రంగు గీకి చూడండి, అమ్మేవాడు వద్దంటే లేచి వచ్చేయండి. ఖాళీ బండి కాటా వేయించి ఆర్‌సీతో పోల్చండి. మీ మెకానిక్‌ని మీరే తీసుకెళ్లండి. భోజనం బయట చేయండి.

ఆదివారం పొన్నూరులో ప్రోగ్రాం ఉంది. ఈ బండి మీద సామాను ఎక్కించే ధైర్యం నాకు లేదు. తెనాలి చుట్టుపక్కల ఎవరిదైనా పికప్ ఖాళీగా ఉంటే చెప్పండి, కిరాయి ముందే ఇస్తా. కానీ కింద దూరి చూస్తా, ఏమనుకోవద్దు.