ఆటోనగర్ బ్యాటరీ షాపు: పని నమ్మొచ్చు, టైమ్ నమ్మకండి

నెల్లూరు ఆటోనగర్‌లో లారీ బాడీ షెడ్లు దాటి లోపలికి వెళ్తే, టైర్ల రీట్రెడింగ్ షెడ్డు పక్కన చిన్న బ్యాటరీ షాపు ఉంది. ఈ రివ్యూ దాని గురించే. మన జిల్లాలో మోటర్‌హోమ్ (లోపలే మంచం, ఫ్రిజ్ ఉండే బండి) ఉన్నవాళ్ళు ఎంతమంది ఉంటారులే అనుకోకండి. ఫుడ్ ట్రక్కు నడిపేవాళ్ళకూ, రొయ్యల గుంటల దగ్గర కాపలా షెడ్డుకి సోలార్ పెట్టుకున్నవాళ్ళకూ మా బాధే: రాత్రి బ్యాటరీ చాలక ఫ్రిజ్, ఫ్యాను ఆగిపోవడం.

మాది పాత ఫోర్స్ ట్రావెలర్. ఎవరో మోటర్‌హోమ్‌గా మార్పించుకున్నదాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. నేను కెమిస్ట్రీ లెక్చరర్‌గా రిటైరయ్యాను. బండి తోలడం మా ఆయన పని, మిగతావన్నీ నావి. సోమశిల వెళ్ళినా, మైపాడు వెళ్ళినా అర్ధరాత్రికి ముందే ఫ్రిజ్ ఆగిపోయేది, ఫ్యాను నీరసంగా తిరిగేది. ఇంజిన్ మాత్రం పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కి స్టార్టయ్యేది. అంటే ఇంజిన్ బ్యాటరీ బాగానే ఉంది, లోపలి సామాన్లు నడిపే హౌస్ బ్యాటరీకే జబ్బు. సరే, అది ఎక్కడుంది? బండి అమ్మినాయన చెప్పిన చోట చూస్తే ఉన్నది ఇంజిన్‌దే. ఊళ్ళో ఇంకో షాపుకి ఫోన్ చేస్తే బండి చూడకుండానే కొత్త లిథియం బ్యాటరీ రేటు చెప్పేశారు.

ఆటోనగర్ షాపాయన అలా కాదు. ఫ్రిజ్ వెనకున్న ఫ్యూజు తీసి, అక్కణ్ణుంచి ఎర్ర కేబుల్‌ని పట్టుకుని వెతుక్కుంటూ పోయాడు. కేబుల్ వెనక మంచం కిందికి పోయింది. పరుపు ఎత్తి, స్క్రూలు బిగించిన ప్లైవుడ్ పలక విప్పితే, ఇళ్ళలో ఇన్వర్టర్‌కి వాడే రకం ట్యూబులర్ బ్యాటరీ కనపడింది. కదలకుండా బెల్టు లేదు, గాలి పోవడానికి రంధ్రం లేదు, పాజిటివ్ కేబుల్‌కి దగ్గర్లో ఫ్యూజు కూడా లేదు.

"పడుకునే మంచం కింద యాసిడ్ డబ్బా పెట్టినాడేందమ్మా!" అన్నాడు.

నాకు ఒళ్ళు జలదరించింది. ఇలాంటి బ్యాటరీ చార్జింగ్ చివరికొచ్చేసరికి అందులోని నీళ్ళు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ వస్తాయి. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకి అంటుకుంటుంది. దానికి వాసన లేదు కాబట్టి మనకి తెలియదు. తేలిక కాబట్టి పైకి పోతుంది, ఆ పైన పడుకున్నది మేము. క్లాసులో పిల్లలకి ఏళ్ళ తరబడి చెప్పిన పాఠమే! దానికి తోడు వేడి. లెడ్ యాసిడ్ బ్యాటరీకి 25 డిగ్రీల దగ్గర ఉండే ఆయుష్షు, ఆపైన వేడి పెరిగే ప్రతి 10 డిగ్రీలకీ దాదాపు సగం తగ్గుతుందంటారు. రోహిణి కార్తెలో మూసేసిన రేకు బండి లోపల ఎంతుంటుందో నెల్లూరు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఈ షాపులో నాకు బాగా నచ్చింది, వెంటనే కొత్తది అంటగట్టకపోవడం. మల్టీమీటర్‌లో 12.3 వోల్టులు వచ్చింది. ఆ అంకె చూసి పర్లేదని పంపేసేవాళ్ళు ఉంటారు. ఈయన రాత్రంతా చార్జింగ్ పెట్టి, కాసేపు వదిలేసి, హైడ్రోమీటర్‌తో ఒక్కో సెల్ గ్రావిటీ, అంటే లోపలి యాసిడ్ చిక్కదనం, చూశాడు. ఐదు సెల్స్‌లో 1.230 దగ్గర ఉంది. ఆరో దాంట్లో 1.140 దాటలేదు. "ఇది లేవదమ్మా" అని నన్నే చూడమని హైడ్రోమీటర్ నా చేతికిచ్చాడు. అంతకుముందే "గొలుసు లోపలేసుకోండమ్మా, టెర్మినల్స్‌కి తగిలితే కష్టం" అని చెప్పాడు. ఆ ఒక్క మాటకే నేను ఒక స్టార్ ఎక్కువ ఇస్తాను.

లిథియం సంగతి నేనే అడిగాను. బరువు తక్కువ, నీళ్ళు పోసే పని లేదు, ఉన్న చార్జిలో చాలావరకు వాడుకోవచ్చు. కానీ ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే మా బండి ఆల్టర్నేటర్‌కి దాన్ని నేరుగా కలిపితే కరెంటు ఎక్కువ లాగి ఆల్టర్నేటర్ వేడెక్కుతుంది, మధ్యలో ఆ కరెంటుని అదుపులో ఉంచే డీసీ టు డీసీ చార్జర్ పెట్టాలి. "ఆ పని నాకు రాదు, వచ్చినోళ్ళ దగ్గర చేయించుకోండి" అనేశాడు. అలా చెప్పే మెకానిక్‌ని ఈ మధ్య చూడలేదు. లెక్క వేసుకున్నాం. ఫ్రిజ్ సగటున 3 ఆంపియర్లు, ఫ్యాను, లైట్లు కలిపి 2. పది గంటల రాత్రికి 50 ఆంపియర్ అవర్స్. ట్యూబులర్‌ని సగానికి మించి ఖాళీ చేయకూడదు కాబట్టి 150 అయితే నిశ్చింత. ఎత్తు తక్కువ ఉండే షార్ట్ ట్యూబులర్ తీసుకున్నాం.

చోటు కూడా మార్చాడు. బండి వెనక డిక్కీలో, పక్క వెల్డింగ్ షాపులో చేయించిన ఇనప పెట్టె, లోపల ప్లాస్టిక్ ట్రే, మనుషులుండే భాగం వైపు పూర్తిగా మూత, బయటి వైపు పైనా కిందా గాలి రంధ్రాలు. బెల్టు, క్లాంపు, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు. ఇంజిన్ ఆగగానే రెండు బ్యాటరీలనీ విడదీసే రిలే కాంటాక్టులు మాడిపోయి ఉంటే అదీ మార్చాడు. పాత బ్యాటరీ తీసేసుకుని అన్నీ కలిపి 21,000 అయింది. ఎక్కువేం కాదు.

వాడకంలో ఆయన చెప్పినవి పాటిస్తున్నాం. ఎండాకాలంలో నెలకోసారి నీళ్ళ మట్టం చూస్తాను. డిస్టిల్డ్ వాటరే పోస్తాను. మా ఆయన ఏసీ నుంచి కారే నీళ్ళు సీసాలో పట్టి తెచ్చారు, మొక్కలకి పోయించాను. బండి ఇంటి దగ్గర ఊరికే ఉన్నప్పుడు కూడా చార్జింగ్ పెడతాం, లేకపోతే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. ఫ్రిజ్, ఫ్యాను ఆపి కాసేపయ్యాక చూస్తే మీటరు 12.2 కన్నా తక్కువుందంటే ఇక ఆ రాత్రికి ఫ్రిజ్ బంద్. మైపాడు ఉప్పుగాలికి టెర్మినల్స్ మీద తెల్లగా, పచ్చగా పేరుకుంటుంది. కేబుల్స్ విప్పి, గోరువెచ్చటి నీళ్ళలో వంటసోడా కలిపి తుడిచి, ఆరాక వాజెలిన్ పూస్తాను. సోడా నీళ్ళు మాత్రం మూతల్లోంచి లోపలికి పోకూడదు.

ఇక విసుగు పుట్టించినవి. సాయంత్రానికి ఇస్తానన్న బండి మర్నాడు మధ్యాహ్నానికి ఇచ్చాడు. అంతసేపు కూర్చోవడానికి ఒక స్టూలు తప్ప ఏమీ లేదు, దాని మీద ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. బిల్లు నేను అడిగితేనే రాశాడు. వారంటీ కార్డు మీద తేదీ, షాపు ముద్ర లేకుండా చేతిలో పెట్టాడు, వెనక్కిచ్చి వేయించుకున్నాను. మీరూ అక్కడే చూసుకోండి, తర్వాత ఎవరూ ఒప్పుకోరు. మంచం కింద విప్పిన ప్లైవుడ్ పలక మళ్ళీ బిగించలేదు, వడ్రంగిని వేరే పిలిపించుకోవాల్సి వచ్చింది. పెట్టె తాళానికి రెండో చెవి ఇంకా రాలేదు. ఫోన్ చేస్తే "రేపిస్తానమ్మా" అంటాడు.