మా పట్టణ ప్రణాళిక విభాగంలో క్యూజీఐఎస్: రెండేళ్ల వాడకం

కోస్తాలోని ఒక పురపాలక సంఘంలో పట్టణ ప్రణాళిక విభాగం నా బాధ్యత. నాతో ఇద్దరు ఓవర్సీర్లు, వార్డు ప్లానింగ్ కార్యదర్శులు పనిచేస్తారు. గతంలో ఎవరైనా తమ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందని అడిగితే, మడతల దగ్గర చిరిగిన మాస్టర్ ప్లాన్ పటాన్ని బల్ల మీద పరిచి స్కేలుతో కొలిచేవాళ్లం. ఇద్దరు కొలిస్తే రెండు జవాబులు వచ్చేవి. ఒక కుటుంబం ఇల్లు కట్టుకోగలదా లేదా అన్నది ఆ తేడా మీదే ఆధారపడేది.

క్యూజీఐఎస్ అంటే కంప్యూటర్‌లో పటాలు గీసి, దిద్దుకునే సాఫ్ట్‌వేర్. ఉచితం. ఎవరి మంజూరు కోసమూ ఎదురుచూడలేదు. స్కాన్ చేసిన పటంలో గుడి మూల, కాలువ వంతెన, రైలు గేటు లాంటి కదలని గుర్తులు పట్టుకుని అందులోని జియోరిఫరెన్సర్ అనే పనిముట్టుతో, పటంలోని ప్రతి చోటూ నేల మీది అసలు చోటుతో కలిసేలా కూర్చోబెట్టాం. నాలుగు గుర్తులతో సరిపెట్టకండి. మేము 12 తీసుకున్నాకే రోడ్డు గీతలు కలిశాయి. దాని మీద నివాసానికి పసుపు, వాణిజ్యానికి నీలం, పరిశ్రమలకు ఊదా రంగు వేశాం.

పటాన్ని దాచుకునేటప్పుడు షేప్‌ఫైల్ అనే పాత ఫైలు రకం జోలికి పోకండి! దాని పట్టికలో కాలమ్ పేరు 10 ఇంగ్లీషు అక్షరాలు దాటదు, తెలుగులో రాస్తే మూడింటికే తెగిపోతుంది. జియోప్యాకేజీ అనే ఫైలు రకం హాయి.

ఒకే ఫైలును ఇద్దరు దిద్దకుండా కట్టుబాటు మీరే పెట్టుకోవాలి. మాకు వార్డుకో ఫైలు. శనివారం నేను కలుపుతాను. నేర్చుకోవడానికి నెల పట్టింది. తర్వాత ఒక కార్యదర్శి, లేఅవుట్‌లో పార్కుకు వదిలిన స్థలంలోకి ఒక ప్లాటు చొచ్చుకొచ్చిందని, ఎవరూ చెప్పకుండానే తెరమీద పట్టుకుంది. ఆ పటాన్ని అచ్చుతీసి మా గది గోడకు అంటించాను.