డెబ్బై దాటిన అమ్మకి బ్రెస్ట్ ఆపరేషన్ చేయించాలా? 'ఏజ్ గ్యాప్' టూల్‌పై నా రివ్యూ

ఇంట్లో పెద్దావిడకి బ్రెస్ట్ క్యాన్సర్ అనగానే చుట్టాలు రెండు జట్లయిపోతారు. "ఈ వయసులో కోతలేంటి, మందులతో లాగించేద్దాం" అని కొందరు, "మొత్తం తీయించేయండి, పీడా పోతుంది" అని కొందరు. ఆవిడకేం కావాలో అడిగేవాళ్లే ఉండరు. మా ఇంట్లో అమ్మని అడగడమంటూ జరిగింది ఈ టూల్ వల్లే.

ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ యూనివర్సిటీ వాళ్లు తయారుచేసిన ఉచిత వెబ్‌సైట్ ఇది, డాక్టర్ల కోసం చేసింది కాబట్టి డాక్టర్‌తో కలిసే వాడండి. 70 దాటి, రిపోర్టులో ఈఆర్ పాజిటివ్ (అంటే ఈస్ట్రోజెన్ హార్మోన్‌తో పెరిగే రకం గడ్డ) వచ్చిన ఆడవాళ్లకి ఆపరేషన్, ఆపైన హార్మోన్ మాత్రలు మంచిదా, లేక లెట్రోజోల్ లాంటి హార్మోన్ మాత్ర ఒక్కటే చాలా అన్నది, 2 ఏళ్లకి, 5 ఏళ్లకి బతికుండే అవకాశం ఎంతో లెక్కకట్టి చూపిస్తుంది.

నాకు బాగా నచ్చింది ఏంటంటే, గడ్డ సైజు, వయసుతో ఆగిపోకుండా మిగతా జబ్బులేంటి, తన పనులు తను చేసుకోగలరా అని కూడా అడుగుతుంది. అక్కడికి రాగానే మా డాక్టర్ గారు స్క్రీన్ వదిలేసి అమ్మ వైపు తిరిగి స్నానం, చీర కట్టుకోవడం, మెట్లెక్కడం ఒక్కొక్కటే అడిగారు. "ఎక్కడం ఎక్కుతానమ్మా, దిగేటప్పుడే గోడ పట్టుకోవాలి" అంది అమ్మ. 74 ఏళ్లు, బీపీ తప్ప ఏమీ లేదు, టూల్ లెక్క ఆపరేషన్ వైపే మొగ్గింది. మాత్రలు కొన్నేళ్లు గడ్డని అణచిపెట్టినా తర్వాత అది మళ్లీ పెరగొచ్చు, అన్నేళ్లు ఆరోగ్యంగా ఉండే మనిషికి అది రిస్కే. అదే గుండె జబ్బుతో మంచాన పడ్డ 88 ఏళ్లావిడైతే ఆపరేషన్‌కీ మాత్రకీ తేడా చాలా తగ్గిపోతుంది.

లోపాలూ ఉన్నాయి. లెక్కలన్నీ బ్రిటన్ ఆడవాళ్లవి, కాబట్టి మనకి ఉజ్జాయింపే. అంతా ఇంగ్లీషు, పక్కన ఒకరు తెలుగులో విడమరిచి చెప్పాల్సిందే. గడ్డ వరకే తీయాలా, రొమ్మంతా తీయాలా అన్నది ఇందులో తేలదు, అది విడిగా అడగాలి. గడ్డ వరకే తీస్తే మామూలుగా తర్వాత రేడియేషన్ ఇస్తారు, దాని కోసం రోజూ సిటీకి తిరగలేమని మన దగ్గర చాలామంది మొత్తం తీయించేస్తారు. కానీ 70 దాటి, చిన్న ఈఆర్ పాజిటివ్ గడ్డ ఉండి, చంకలోకి పాకనివాళ్ల మీద అమెరికాలో జరిగిన ట్రయల్‌లో, గడ్డ తీసి టామాక్సిఫెన్ అనే హార్మోన్ మాత్ర ఇస్తే, రేడియేషన్ లేనివాళ్లలో 10 ఏళ్లకి నూటికి 10 మందికి, తీసుకున్నవాళ్లలో 2 మందికి ఆ చుట్టుపక్కలే తిరగబెట్టింది, ఆయుష్షులో మాత్రం తేడా రాలేదు. ఇది విన్నాకే అమ్మ "గడ్డ వరకే తీయండి" అని తేల్చి చెప్పింది.

ఈఆర్ నెగటివ్ వస్తే మాత్రం హార్మోన్ మాత్రలు పనిచేయవు, ఆపరేషనా మాత్రా అన్న ఈ లెక్కతో మీకు పని లేదు, నేరుగా సర్జన్‌తో మాట్లాడండి.