జేబులో ఇమిడే అంతరిక్ష యుద్ధం: స్టార్ రియల్మ్స్

2014లో విడుదలైన స్టార్ రియల్మ్స్ అనే కార్డుల ఆట పెట్టె జేబులో ఇమిడిపోతుంది గానీ, అందులోని 128 కార్డులు ఇద్దరు ఆటగాళ్లను గంటల తరబడి కదలనివ్వవు. కొనుగోలుకు పనికొచ్చే ఎనిమిది స్కౌట్లు, దాడికి పనికొచ్చే రెండు వైపర్లు ఉన్న బలహీనమైన కట్టతో, చెరి 50 అథారిటీ (ప్రాణం లాంటి) పాయింట్లతో మొదలుపెట్టి, మధ్యలో పరిచిన ఐదు కార్డుల నుంచి ఓడలను, స్థావరాలను కొనుక్కుంటూ ఎదుటివారి పాయింట్లను సున్నాకు దించాలి.

నాకు అన్నిటికన్నా నచ్చినవి మెషిన్ కల్ట్ వర్గపు ఎర్ర కార్డులు. వాటిలో చాలావరకు పనికిరాని స్కౌట్లను ఆట నుంచే తొలగించే వీలు కల్పిస్తాయి కాబట్టి, కట్ట పలుచబడేకొద్దీ మంచి ఓడలు త్వరత్వరగా చేతికి వస్తాయి. మధ్యలోని ఐదు కార్డుల వరుసలోకి వచ్చే కార్డు మాత్రం పూర్తిగా అదృష్టమే. వ్యూహాన్నే నమ్ముకునేవారికి ఇది కొంత నిరాశ కలిగించవచ్చు. పాయింట్ల లెక్కకు కాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకోవడం మేలు.