నెల్లూరు నుంచి షార్ట్ కొట్టాలంటే: ఇంట్రాడే, ఎస్‌ఎల్‌బీ, ఫ్యూచర్, పుట్ - నా రివ్యూ

రొయ్యల రేటు పడేది మా గుంటలోళ్ళకి స్టాక్ మార్కెట్ కంటే ముందే తెలిసిద్ది. 2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకం అన్న మాట వచ్చిన కాడ్నించి ఆగస్టు 27న అది 50 శాతం అయిందాకా ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు వైపు కౌంటు రేట్లు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతయ్ అనే లెక్కన కట్టే రేట్లు) ఎట్టా ఊగినయ్యో అందరం చూశాం, అప్పుడు మా వాళ్ళు చాలామంది అడిగింది ఒకటే, ఆక్వా కంపెనీల షేర్లు పడతయ్ అని తెలిసినప్పుడు ముందు అమ్మేసి పడినాక కొనుక్కోవచ్చు గదా అని. ఆలోచన సరైందే, షార్ట్ సెల్లింగ్ అంటే అదే. మనలాంటి చిన్నోళ్ళకి బ్రోకర్లు ఆ సర్వీసు ఎట్టా ఇస్తన్నారో చెప్దామని ఇది రాస్తన్నా. నాకు ట్రంకు రోడ్డు పక్క సందులో ఉండే ఒక సబ్ బ్రోకర్ దగ్గర ఒక అకౌంటు, ఫోన్ యాప్‌లో ఇంకోటి ఉన్నయ్, పేర్లు రాయను.

ఇంట్రాడే, అంటే అదే రోజు అమ్మి అదే రోజు కొనటం, వాడటం మహా సులువు. షేరు మన దగ్గర లేకపోయినా సెల్ నొక్కితే అమ్ముడైపోద్ది. కానీ 3:30 లోపల తిరిగి కొనాల్సిందే, చాలా యాప్‌లు 3:15, 3:20 కల్లా వాటంతట అవే కొనేస్తయ్. ఇప్పుడు ఒక కంపెనీ లెక్కలు బాలేవని మనం బ్యాలెన్స్ షీట్ కూర్చుని చదివి పట్టుకున్నాం అనుకోండి, ఆ సంగతి బయటపడటానికి ఆరు గంటలు సరిపోద్దా? సత్యం కంపెనీకి 2008 సెప్టెంబర్‌లో కార్పొరేట్ గవర్నెన్స్ బాగుందని గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా ఇచ్చారు, 2009 జనవరి 7న రామలింగరాజు లెటర్ వచ్చినాక గానీ బ్యాంకుల్లో ఉందన్న 5,040 కోట్లు లేదని జనానికి తెలవలా, ఆ ఒక్కరోజే షేరు నాలుగింట మూడొంతుల పైన పోయింది. అంతకు రెండేళ్ళ ముందే అనుమానం వచ్చినోడు ఇంట్రాడేలో ఏం చేస్తాడు, రోజూ పొద్దున అమ్మటం సాయంత్రం కొనటం, బ్రోకరేజీకే సరిపోద్ది.

దానికి తోడు అప్పర్ సర్క్యూట్ భయం, అంటే షేరు ఆ రోజుకి పెరగనిచ్చే పై హద్దు తగిలి, అమ్మేవాళ్ళే లేకుండా ఆగిపోవటం. మా బావమరిది ఫోన్‌లో చూశా నేను, కొనేవాళ్ళ వరస నిండా లక్షల షేర్లు, అమ్మేవాళ్ళ వరసలో కిందిదాకా అన్నీ సున్నాలే, వాడు బై నొక్కతానే ఉన్నాడు, ఆర్డర్ పెండింగ్ అని చూపిస్తానే ఉంది, టైమ్ అయిపోయింది. అప్పుడు మనం ఇవ్వాల్సిన షేర్లని ఎక్స్చేంజి మర్నాడు ఆక్షన్లో కొనిద్ది, అక్కడ కూడా దొరక్కపోతే ముగింపు ధర మీద 20 శాతం కలిపి మన దగ్గర వసూలు చేసే పద్ధతి ఉంది. 200 కి అమ్మిన షేరు 220 దగ్గర లాక్ అయిందనుకోండి, ఆ 220 మీదే లెక్కేసినా 264 అయిద్ది, 500 షేర్లకి 32,000 పోయినట్టే. ఆపరేటర్లు కావాలని రేటు పెంచి ఊదే డొల్ల కంపెనీలు ఉంటయ్ చూడండి, అవి చాలావరకు ట్రేడ్ టు ట్రేడ్‌లో (కొన్నా అమ్మినా డెలివరీ తప్పదనే లిస్టులో) ఉంటయ్, వాటిలో ఇంట్రాడేనే ఉండదు. మనకి అనుమానం ఉన్నచోట అసలు అమ్మనివ్వరు. ఇంట్రాడేకి 5 కి 1.

ఎస్‌ఎల్‌బీ (సెక్యూరిటీస్ లెండింగ్ అండ్ బారోయింగ్) అంటే షేర్లు అప్పు తెచ్చుకుని అమ్మటం. 2008 ఏప్రిల్ నుంచి ఉంది, 12 నెలల దాకా పెట్టుకోవచ్చు, షేరుకి ఇంత అని ఫీజు కట్టాలి, మధ్యలో డివిడెండ్ వస్తే అది కూడా మనమే షేరు ఇచ్చినోడికి కట్టాలి. అప్పు తెచ్చుకోకుండా అమ్మేసి డెలివరీ ఇవ్వకపోవటం మార్కెట్‌ని అదుపు చేసే సెబీ ఒప్పుకోదు కాబట్టి పద్ధతి ప్రకారం రోజుల తరబడి షార్ట్‌లో ఉండాలంటే క్యాష్ మార్కెట్లో (అసలు షేర్లే చేతులు మారే చోట) ఇదొక్కటే దారి. నాకు దీని మీద చాలా ఆశ ఉండింది. బ్రాంచికి పోయి అడిగితే అక్కడి కుర్రోడు పాపం మర్యాదగా "ఇది ఇక్కడ ఎవురూ అడగరు సార్, హెడ్డాఫీసుకి కనుక్కుని చెప్తా ఉండండి" అని ఫోన్ చేసి, చాలాసేపటికి టెర్మినల్లో ఆ స్క్రీన్ తెరిచి చూపించాడు. నేనడిగిన షేరుకి ఒక వైపు ఖాళీ, ఇంకో వైపు ఒకే ఒక్క ఆఫర్, ఆ ఫీజు చూస్తే షేరు బాగా పడితే గానీ మనకేం మిగలదు. ఆక్వా కంపెనీలు ఒక్కటీ కనపడలా. కుర్రోడి ఓపికకి 5 కి 5, సర్వీసుకి 2.

ఫ్యూచర్స్, అంటే ముందు తేదీకి ఇప్పుడే రేటు ఖాయం చేసుకునే ఒప్పందాలు, వాటి సంగతి తొందరగా చెప్తా. ఒక్క లాటు (ఒకేసారి తీసుకోవాల్సిన షేర్ల కట్ట) విలువే 5 లక్షలు, ఆ పైన ఉంటది, మార్జిన్ అని ముందు కొంత డబ్బు కట్టాలి, షేరు పెరిగితే ఆ రోజు నష్టం ఆ రోజే అకౌంట్లోంచి పోద్ది. కొన్న షేరు ఎంత పడినా పెట్టిన డబ్బు వరకే పోద్ది, షార్ట్‌లో ఆ హద్దు లేదు. యెస్ బ్యాంక్ చూడండి, 2018 ఆగస్టులో 400 దగ్గరున్నది 2020 మార్చి 6న 6 రూపాయల లోపుకి పడింది, షార్ట్ కొట్టినోళ్ళ మాటే నిజమైంది. కానీ రెండు వారాల్లోపే అదే షేరు 80 దాటింది, ఎందుకంటే 100 షేర్లకి మించి ఉన్నోళ్ళవి 75 శాతం మూడేళ్ళు అమ్మకూడదని లాక్ పెట్టారు, ఇంక అమ్మటానికి సరుకేది? అంచనా సరైనోడు కూడా మునిగిపోయే ఆట ఇది. 2021 ఏప్రిల్ నుంచి 2024 మార్చి దాకా ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్లు) చేసిన మామూలు జనంలో 93 శాతం మందికి నష్టమేనని సెబీ లెక్క తీసింది. 5 కి 1.

అదానీ గ్రూపు మీద రిపోర్టు ఇచ్చి షార్ట్ కొట్టిన అమెరికా సంస్థ హిండెన్‌బర్గ్ వాళ్ళు చేయలేదా అని అడిగేవాళ్ళుంటారు. కృష్ణపట్నం పోర్టు అదానీ వాళ్ళది కాబట్టి 2023 జనవరిలో ఇక్కడ టీ బంకుల్లో కూడా అదే మాట. కానీ వాళ్ళ రిపోర్టులోనే ఉంది, వాళ్ళు పొజిషన్ తీసుకున్నది అమెరికాలో ట్రేడయ్యే బాండ్లలో, ఇండియా బయట ట్రేడయ్యే డెరివేటివ్స్‌లో (ఫ్యూచర్స్, ఆప్షన్ల లాంటి వాటిలో) అని. ఆ తలుపు మనకి లేదు. పైగా ఆరోపణలన్నీ అబద్ధమని అదానీ గ్రూపు అంది, 2025 సెప్టెంబర్‌లో సెబీ కూడా వాటిలో కొన్ని నిలబడవని ఆర్డర్ ఇచ్చింది, అదానీ ఎంటర్‌ప్రైజెస్ షేరేమో పడిన ఏడాదికే మళ్ళీ 3,000 దాటింది.

నాకు నచ్చింది పుట్ ఆప్షన్ కొనటం, అంటే ఒక తేదీ దాకా ఒక రేటుకి షేరు అమ్మే హక్కుని ప్రీమియం అనే డబ్బు కట్టి కొనుక్కోవటం, అది కూడా పోయినా పర్లేదు అనుకున్న డబ్బుతోనే. ప్రీమియం ఎంత కట్టామో అంతే పోద్ది, రాత్రి నిద్ర పట్టిద్ది. రోజు గడిచేకొద్దీ ప్రీమియం కరిగిపోద్ది, అందరూ అనుమానించే షేరుకి ప్రీమియం ముందే పెరిగిపోయి ఉంటది, ఇవి ఎట్టాగూ తప్పవు. ఆ షేరు మీద మార్కెట్ మొత్తంలో ఉన్న పొజిషన్లు అనుమతించిన దాంట్లో 95 శాతం దాటితే షేరు బ్యాన్‌లోకి పోద్ది, అప్పుడు కొత్తగా తీసుకోనివ్వరు. ఇంకోటి చాలామందికి తెలియంది, షేరు ఆప్షన్లలో 2019 అక్టోబర్ నుంచి అన్నిటికీ ఫిజికల్ డెలివరీనే. మన పుట్ లాభంలో ఉంది గదా అని ఎక్స్‌పైరీ (ఆప్షన్ గడువు) అయిపోయిందాకా వదిలేస్తే ఆ లాటు షేర్లు మనమే డెలివరీ ఇవ్వాలి, లేకపోతే మళ్ళీ అదే ఆక్షన్. ఇప్పుడు ఎక్స్‌పైరీ నెలలో చివరి మంగళవారం, ఆ ముందు వారంలోనే అమ్మేసుకుని బయటికి రండి. 5 కి 3.

ఆక్వా షేర్లకి నేను చూసినప్పుడు ఆప్షన్లు కూడా లేవు, కాబట్టి మా గుంటలోళ్ళకి చెప్పింది ఒకటే, మీ దగ్గర ఆ షేర్లుంటే అమ్మేసుకోండి, లేకపోతే కొనకుండా ఉండండి, ఈ రెండిటికీ షేరు అప్పు ఫీజూ లేదు మార్జినూ లేదు.

బ్రోకర్లని మాత్రం గట్టిగా అడగాల్సింది ఉంది. డెలివరీ సంగతి, ఆక్షన్ సంగతి ఎక్కడో ఇంగ్లీషు కండిషన్లలో చిన్నక్షరాల్లో పెడతన్నారు, అది కొనేటప్పుడే స్క్రీన్ మీద తెలుగులో రావాలి. బ్రాంచిలో కాగితం మీద రాసిచ్చి వచ్చా, ఇంకా జవాబు రాలా.