మోటార్‌హోమా, కారూ మోటెలా? న్యూజిలాండ్‌లో మన కుటుంబాలకు ఏది మేలు?

విజయనగరంలో ఉండే మా బావమరిది వచ్చే దసరా సెలవులకు పెళ్లాం పిల్లల్నీ, మా అత్తగారినీ తీసుకుని న్యూజిలాండ్ వెళ్తానంటున్నాడు. మోటార్‌హోమ్, అంటే మంచాలూ వంటగదీ బాత్రూమూ ఉన్న ఇల్లులాంటి బండి, అద్దెకు తీసుకోనా, కారు తీసుకుని రోజుకో మోటెల్లో (రోడ్డు పక్కన ఉండే చిన్న హోటల్లో) దిగనా అని నెల రోజులుగా ఒకటే ఫోన్లు. మేం శ్రీకాకుళం నుంచి ఐదుగురం, అమ్మతో సహా, పన్నెండు రోజులు మోటార్‌హోమ్‌లో తిరిగొచ్చాం. వాడికి చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను.

ముందు ఒక్క మాట. మోటార్‌హోమ్ తీసుకున్నా సరే, దిగిన రోజే మాత్రం తీసుకోవద్దు. మేం చేసిన తప్పు అదే. శ్రీకాకుళంలో కారెక్కి విశాఖ, అక్కడి నుంచి సింగపూర్, మళ్లీ పది గంటలు విమానం, పొద్దున్నే క్రైస్ట్‌చర్చ్‌లో దిగాం. అక్టోబరులో వాళ్ల గడియారం మనకంటే ఏడున్నర గంటలు ముందుంటుంది, అంటే అక్కడ పొద్దున పది అయితే మన ఒంటికి అది రాత్రి రెండున్నర. ఆ నిద్రమత్తులో బండి ఇచ్చే కుర్రాడు గ్యాస్, నీళ్ల ట్యాంకు, బ్యాటరీ, టాయిలెట్ క్యాసెట్ (టాయిలెట్ మురుగు చేరే డబ్బా) అన్నీ ఓపికగా చూపించాడు, మేం అన్నిటికీ తలూపాం, సాయంత్రానికి ఒక్కటీ గుర్తు లేదు. చలికి అమ్మ రెండు శాలువాలు కప్పుకుని కూర్చుంది, హీటరు ఎంతకీ వెలగదు. బండి వైరును హాలిడే పార్కులోని (డబ్బు కట్టి ఇలాంటి బండ్లు రాత్రికి ఆపుకునే చోటులోని) కరెంటు స్తంభానికి తగిలిస్తేనే అది పనిచేస్తుందట, బ్యాటరీ మీద లైట్లూ నీళ్ల మోటారూ లాంటివే నడుస్తాయట. పక్క బండివాళ్లు వచ్చి తగిలించారు. మొదటి రాత్రి మోటెల్లో పడుకుని, మర్నాడు తేరుకున్నాక బండి తీసుకుంటే ఈ టెన్షనే ఉండదు.

డ్రైవింగ్‌కి కారే సుఖం. అక్కడా మనలాగే ఎడమ పక్కనే నడపాలి, అది పెద్ద ఊరట. కానీ మోటార్‌హోమ్ ఎత్తు చాలా ఎక్కువ, గాలి వీస్తే ఊగుతుంది. మామూలు రోడ్డు మీద కార్లకు గంటకు 100 కిలోమీటర్లు, మూడున్నర టన్నులు దాటిన బండికి 90. క్రైస్ట్‌చర్చ్ నుంచి టెకాపో సరస్సుకు సుమారు 225 కిలోమీటర్లు, అంటే శ్రీకాకుళం నుంచి విశాఖ వెళ్లి వచ్చినంత, మూడు గంటలంటారు గానీ మాకు ఆగుతూ ఆగుతూ ఐదు పట్టింది. ఒకే బండి పట్టే వంతెనలు వస్తాయి, ఎవరు ఆగాలో అక్కడి బోర్డు మీద ఉంటుంది. మన లైసెన్సు ఇంగ్లిషులో ఉంటే అక్కడ చెల్లుతుంది, అయినా ఆర్టీవో ఆఫీసులో అంతర్జాతీయ పర్మిట్ కూడా తీసుకుని దగ్గర పెట్టుకున్నాను. ఏడేళ్లలోపు పిల్లలకు చైల్డ్ సీటు తప్పనిసరి. మోటార్‌హోమ్‌లో ఏ సీటుకి అది బిగుస్తుందో బుక్ చేసేటప్పుడే అడగండి.

తిండి దగ్గర మోటార్‌హోమ్ గెలుస్తుందనుకున్నాను. నిజమే, సరస్సు ఒడ్డున ఆపి వేడన్నంలో పప్పు వేసుకుని తింటుంటే మా చిన్నాడు ఇంటికి రానన్నాడు. అయితే అక్కడి మోటెళ్లలో చాలావాటిలో చిన్న వంటగది ఉంటుంది, కాబట్టి కారులో వెళ్లినా అమ్మ చేతి చారుకి లోటు ఉండదు. ఏది తీసుకెళ్లినా పచ్చళ్లు, పొడులు, పలాస జీడిపప్పు అన్నీ ఎయిర్‌పోర్టు డిక్లరేషన్‌లో రాయండి. దాస్తే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా, రాస్తే మహా అయితే పారేస్తారు.

ఇక ఎవరూ ముందుగా చెప్పని సంగతి. టాయిలెట్ క్యాసెట్ మనమే డంప్ స్టేషన్‌కి, అంటే మురుగు పారబోసే చోటుకి, మోసుకెళ్లి ఖాళీ చెయ్యాలి, వాడిన నీళ్లూ అక్కడే వదలాలి. రోజూ రాత్రి బల్ల కిందికి దించి పరుపులు పరచాలి, పొద్దున్నే మళ్లీ సర్దాలి. ఇది మా ఆవిడకి నచ్చలేదు, నాకు పర్వాలేదు. కారులో వెళ్తే ఈ చాకిరీ ఉండదు గానీ రోజూ సూట్‌కేసులు విప్పడం, కట్టడం, పదింటికల్లా గది ఖాళీ చెయ్యడం ఉంటాయి.

ఎక్కడ పడితే అక్కడ బండి ఆపి పడుకోవచ్చన్న మాట నమ్మకండి. సెల్ఫ్ కంటెయిన్డ్ సర్టిఫికెట్ (టాయిలెట్, నీళ్లు, మురుగు ట్యాంకు అన్నీ బండిలోనే ఉన్నాయని ఇచ్చే పత్రం) ఉన్న బండి కూడా అక్కడి కౌన్సిల్, అంటే మన మునిసిపాలిటీ లాంటిది, ఒప్పుకున్న చోటే ఆపాలి. మేం ఎక్కువ రాత్రులు డబ్బులు కట్టి హాలిడే పార్కుల్లోనే ఉన్నాం. డీజిల్ బండికి కిలోమీటర్ల లెక్కన రోడ్డు చార్జీ కూడా పడుతుంది. అన్నీ కలిపి చూసుకుంటే మోటార్‌హోమ్ చవకేమీ కాదు.

బావమరిదికి నేను కారే తీసుకోమన్నాను. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, ఆ మెట్లు, ఆ ఇరుకు బాత్రూము, అర్ధరాత్రి చీకట్లో తడుముకోవడం ఆవిడ వల్ల కాదు. మా అమ్మ గట్టి మనిషి కాబట్టి నెట్టుకొచ్చింది, ఆమెకీ నాలుగో రోజుకి నడుము పట్టేసింది. పెద్దవాళ్లు లేకుండా ఐదేళ్లు దాటిన పిల్లలతో వెళ్లేవాళ్లయితే మాత్రం మోటార్‌హోమే తీసుకోండి, పిల్లలు ఆ పై మంచం జన్మలో మర్చిపోరు. హాలిడే పార్కుల్లో క్యాబిన్లూ, ఉమ్మడి వంటగదులూ ఉంటాయి గనక కారువాళ్లు కూడా అక్కడే దిగొచ్చు. వాడికి అదే చెప్పాను. దసరా ముందొస్తే వాళ్ల బడి సెలవులూ అప్పుడే పడతాయి కాబట్టి, ఏది తీసుకున్నా ఇప్పుడే బుక్ చెయ్యమన్నాను.